ఆటకు తొడుగులు

మా ఇంట్లో ముసుగు లేని వస్తువు ఉండదు. ఫ్రిజ్‌కు కవరు, ఫ్రిజ్ పిడికి ఇంకో కవరు, వాషింగ్ మెషిన్‌కు జిప్పు కవరు, టీవీ రిమోట్‌కు కొన్ననాటి ప్లాస్టిక్ కాగితం. సోఫాకు గుడ్డ, ఆ గుడ్డ మాసిపోకుండా దాని మీద తువ్వాలు. ఇదంతా మా ఆయన చలవ. ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపో ఎదుటి గల్లీలో సెల్‌ఫోన్ సామాన్ల దుకాణం ఉండేది. ఫోను తప్ప ఫోనుకు తగిలించేవన్నీ అమ్మేవాడు. కవర్లు, తెరకు అంటించే గ్లాసులు, చార్జర్లు, వెనకాల అతికించే ఉంగరాలు. రోజంతా వస్తువులకు బట్టలు తొడిగి పంపే మనిషి ఇంటికొచ్చాక మాత్రం చేతులు ముడుచుకుని ఎలా కూర్చుంటాడు? అందుకని నేనూ ఏమీ అనేదాన్ని కాదు. నా వస్తువు జోలికి వచ్చేదాకా.

నా ఉద్యోగం అమీర్‌పేటలో. ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే ఒక కంపెనీ తరఫున ఫోన్లలో ఫిర్యాదులు వినే ఆఫీసు. పొద్దున తలకు హెడ్‌ఫోన్ తగిలించుకున్నప్పటి నుంచి సాయంత్రం తీసేదాకా జనం తిడుతూనే ఉంటారు. నేను "మీ ఇబ్బంది నాకర్థమైంది సర్" అంటూనే ఉంటాను. నిజానికి నాకేమీ అర్థం కాదు. అర్థం చేసుకునే ఓపిక ఎప్పుడో అయిపోయింది. నోరు మాత్రం అలవాటు కొద్దీ అంటుంది. ఇంటికొస్తే వంటిల్లు, నీళ్ల మోటారు, కాలేజీకి వెళ్లే అమ్మాయి అలకలు. ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు నన్ను ఏదో ఒకటి అడగాల్సిందే.

ఈ రెండింటి మధ్య మెట్రో రైలు ఉంది. ఎల్బీనగర్ మొదటి స్టేషన్ కాబట్టి లేడీస్ కోచ్‌లో నాకు సీటు దొరుకుతుంది. అక్కడినుంచి అమీర్‌పేట దాకా నన్నెవరూ ఏమీ అడగరు. రోజు మొత్తంలో నాదీ అని చెప్పుకోవడానికి ఉన్న సమయం అదొక్కటే. అది కూడా పోతే నేను మనిషిలా ఉండనని నాకు తెలుసు. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ కాస్త సమయం కోసం నేను పడ్డ తంటాలే.

ఆఫీసులో ఏడాదికోసారి జరిగే పండగలో లక్కీ డ్రా తీస్తే, నా చీటీకి చేతిలో పట్టుకుని ఆడుకునే వీడియో గేమ్ వచ్చింది. పక్క సీటావిడకు మిక్సీ వచ్చింది. "మార్చుకుందామా, నీకు గేమ్ ఎందుకు?" అని ఆవిడ అడిగింది. నేను మార్చుకునేదాన్నే, కానీ అప్పటికే పెట్టె విప్పి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. పలచగా, తేలిగ్గా ఉంది. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ కూడా ఒక చేత్తో పట్టుకోవచ్చు. హ్యాండ్‌బ్యాగ్‌లో దువ్వెన పక్కన వేస్తే ఉందో లేదో కూడా తెలియదు. ఆ తేలిక నాకు బాగా నచ్చింది. ఇంట్లో మిక్సీ ఎలాగూ ఉంది.

అందులో ముందే ఎక్కించి ఉన్న ఆటల్లో ఒకటి నాకు పట్టుబడింది. పైనుంచి రంగురంగుల పలకలు పడుతుంటాయి. వాటిని తిప్పి కింది ఖాళీల్లో సర్దాలి. ఒక వరస నిండితే అది మాయమైపోతుంది. సర్దలేకపోతే పలకలు పైదాకా పేరుకుపోయి ఆట అయిపోతుంది. అంతే. అందులో ఎవరూ మాట్లాడరు, ఎవరూ తిట్టరు. నేను సౌండు పూర్తిగా తగ్గించి, ఎక్కడ ఓడిపోయినా పట్టించుకోకుండా, ఓడినప్పుడల్లా కాసేపు కళ్లు మూసుకుని మళ్లీ మొదలుపెట్టేదాన్ని. మా అమ్మాయి చూసి, పాత కాలం ఆట ఆడుతున్నావని నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

దాన్ని ఇంటికి తెచ్చిన సాయంత్రమే మా ఆయన కంటబడింది. చేతిలోకి తీసుకుని, వెనక్కీ ముందుకీ తిప్పి, అంచులు వేలితో తడిమి ఏదో అన్నాడు. ఆ రోజు ఫోన్లో ఒక పెద్దమనిషి నన్ను ఆపకుండా తిట్టి ఉన్నాడు. మా ఆయన అన్న మాటల్లో 'బోడి' అన్నదొక్కటే నా చెవిన పడింది. మాది కృష్ణా జిల్లా. మా వైపు బోడి అంటే పనికిమాలినదని. బోడి ఉద్యోగం, బోడి సలహా, బోడి పెత్తనం. నాకు ఒళ్లు మండిపోయింది.

"బోడిదో బంగారందో, నాకొచ్చింది, నేను ఆడుకుంటాను. మీకెందుకండీ మధ్యలో?" అన్నాను.

ఆయన తెల్లబోయి చూశాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టి, స్నానానికి వెళ్లిపోయాడు. మేం గొడవపడే పద్ధతే అంత. ఒకరు అరుస్తారు, ఇంకొకరు స్నానానికి వెళ్తారు.

మర్నాడు రాత్రి దుకాణం కట్టేసి వచ్చి జేబులోంచి నల్ల రబ్బరు కవరు తీశాడు. నా ఆటకు దాన్ని తొడిగి, నాలుగు మూలలూ నొక్కి, నా చేతిలో పెట్టాడు.

"ఇగో, కోపం జెయ్యకు. ఇప్పుడు మంచిగుంది" అన్నాడు.

నిన్నటి మాటకు పశ్చాత్తాపపడుతున్నాడని అనుకున్నాను. అలా అనుకున్నాక వద్దంటే బాగుండదు కదా. కవరు మందంగా, జిగటగా ఉంది. ఆట మునుపటి కంటే లావైంది. దువ్వెన పక్కన పట్టక, బ్యాగులో టిఫిన్ డబ్బా మీదకు చేరింది. పోనీలే, ప్రేమగా తెచ్చాడు అనుకున్నాను.

ప్రేమకు కూడా ఒక హద్దుండాలి. ఆ వారంలోనే రెండు పక్కలా పిడికిళ్లలా ఉబ్బిన ప్లాస్టిక్ పట్టు వచ్చింది. చేతులు నొప్పి పెట్టకుండా పట్టుకోవడానికట. నా చేతులు చిన్నవి. ఆ పట్టు పెద్ద మగవాళ్లకు చేసింది. పట్టుకుంటే బొటనవేళ్లు బటన్ల దాకా అందేవి కావు. తర్వాత, దారిలో చార్జింగ్ అయిపోకుండా వీపుకు రబ్బరు పట్టీతో కట్టే పవర్‌బ్యాంక్ వచ్చింది. అది ఇటుక బరువుంది. పవర్‌బ్యాంక్ కట్టాక ఆట వేడెక్కడం మొదలైంది కాబట్టి, దాన్ని చల్లార్చడానికి ఒక చిన్న ఫ్యాన్ వచ్చింది. అంటే ముందు తెచ్చిన దానివల్ల వచ్చిన బాధకు తర్వాత తెచ్చింది మందన్నమాట.

ఆ ఫ్యాను దోమలా రొద చేసేది. ఒకరోజు నా పక్కన కూర్చున్న అమ్మాయి, ఒళ్లో కోచింగ్ సెంటర్ పుస్తకం పెట్టుకుని, చాలాసేపు ఓర్చుకుని చివరికి అడిగింది.

"ఆంటీ, జర గది బంద్ జేస్తరా? సదువుకుంటున్న."

బంద్ చేశాను. ఫ్యాను ఆగింది గాని దాని బరువు ఎక్కడికి పోతుంది?

నాకు చత్వారం వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుంటే తెర బాగుంటుంది, తలెత్తితే స్టేషన్ పేరు మసకగా కనిపిస్తుంది. ఈ మాట ఏదో అన్నం తింటూ యథాలాపంగా అన్నాను. అనకూడదని అప్పటికే తెలుసుకుని ఉండాల్సింది. మా ఇంట్లో కష్టం చెప్పుకుంటే ఓదార్పు రాదు, సామాను వస్తుంది. రెండు రోజుల్లో తెర ముందు బిగించే భూతద్దం వచ్చింది. దానికి ఎండ పడకుండా మూడు వైపులా నల్ల రేకులు. బిగించాక నా ఆట గోడకు తగిలించే కరెంటు మీటరులా తయారైంది. ఇదంతా హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టదు కదా, అందుకని లోపల స్పాంజి అరలున్న గట్టి పెట్టె ఒకటి, భుజానికి తగిలించుకునే పట్టీతో సహా.

స్టేషన్‌లో స్కానర్ దగ్గర ఆ పెట్టె చూసి, అక్కడుండే సెక్యూరిటీ అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది.

"మేడం, గిదేంది? బీపీ మిషనా?"

"కాదమ్మా. గేమ్."

"గేమా?" అని పెట్టె వైపు, తర్వాత నా తల నెరుపు వైపు చూసింది. నా వెనకాల వరస ఆగిపోయింది. భూతద్దం తీసి చూపించాను, ఫ్యాను తిప్పి చూపించాను. వరసలో ఎవరో నవ్వారు. నాకు ఆ మెట్ల మీదే కూలబడి కాసేపు ఏడవాలనిపించింది, కానీ రైలు వచ్చేస్తోంది.

అసలు బాధ అదీ కాదు. ఆ సామానంతా పెట్టెలోంచి తీసి, బిగించి, తీగ గుచ్చి, అద్దం సరిచేసుకునేసరికి చైతన్యపురి దాటిపోయేది. మళ్లీ విప్పి, దేని అరలో దాన్ని సర్దడానికి ఖైరతాబాద్‌లోనే మొదలుపెట్టాలి. తొడుగులు తొడగడానికీ, విప్పడానికీ మధ్య మిగిలిందే నా ఆట. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఉంచుకున్న కాస్త సమయాన్నీ మా ఆయన తన దుకాణం సామానుతో నింపేశాడు. తీసుకెళ్లడం మానేయొచ్చు కదా అని మీకనిపించవచ్చు. రాత్రి ఇంటికి రాగానే ఆయన మొదట అడిగేది అదే: "ఎట్ల పనిజేస్తుంది? పట్టు లూజ్ గాలేదు గదా?" ఆ అడగడంలో ఎంత ఆశ ఉండేదంటే, వాడకుండా వాడానని అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకని మోసుకెళ్లేదాన్ని.

ఒక సాయంత్రం ఇంటి తాళంచెవి మర్చిపోయి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి దుకాణానికి వెళ్లాను. కోచింగ్ పిల్లలతో గల్లీ కిక్కిరిసి ఉంది. దుకాణం ముందు ఇద్దరు హాస్టల్ కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. మా ఆయన నా ఆటకున్నలాంటి పట్టును చేతిలో పట్టుకుని వాళ్లకు చెబుతున్నాడు.

"మా ఇంట్ల మేడం దినాం మెట్రోల గిదే వాడ్తది. ఒక్కనాడు గూడ కంప్లెయింట్ లేదు. ఆమె పనే కంప్లెయింట్లు ఇనుడు, ఆమెకు తెల్వదా మంచిదేదో చెడ్డదేదో?"

ఆ కుర్రాళ్లు పట్టును అటూ ఇటూ తిప్పి చూసి, ఫోన్ తీసి అందులో అలాంటిదే వెతికి, మళ్లీ వస్తామని వెళ్లిపోయారు. మా ఆయన పట్టును గాజు కౌంటర్‌లో దాని చోట పెట్టి, మీద పడ్డ వేలిముద్రలు చొక్కా అంచుతో తుడిచాడు. అప్పుడు నన్ను చూశాడు.

"ఎంతసేపైంది ఒచ్చి?"

"ఇప్పుడే" అన్నాను.

తాళంచెవి తీసుకుని వచ్చేశాను. దారంతా నా మీద నాకే చిరాకు. రోజంతా ఊళ్లో వాళ్ల ఫిర్యాదులు వినే నాకు, సొంత మొగుడి దగ్గర ఒక్క ఫిర్యాదు చేసే దారి లేకుండా పోయింది. ఇప్పుడు నేను బాగాలేదంటే ఒక వస్తువును కాదు, ఆయన మాటనే బాగాలేదన్నట్టు అవుతుంది.

ఆ తర్వాత కుడి మణికట్టు నొప్పి మొదలైంది. గరిటె తిప్పితే కలుక్కుమనేది. కొత్తపేటలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన చెయ్యి వంచి చూసి, "బరువులేమైనా ఎత్తుతారా అమ్మా?" అని అడిగాడు.

"ఎత్తనండీ. ఆడతాను" అన్నాను.

ఆయన మందుల చీటీ రాసిస్తూ, ఆడటం కొన్నాళ్లు ఆపమన్నాడు. నేను ఇంటికొచ్చి ఈ విషయం చెప్పాలా వద్దా అని ఆలోచించుకుంటుండగానే, మా ఆయన చీటీ చూసేశాడు. మర్నాడు మణికట్టుకు బిగించుకునే పట్టీ తెచ్చాడు, లోపల ఇనుప రేకున్నది. ఈసారి తొడుగు ఆటకు కాదు, నాకు.

దాంతో నా ఓపిక తెగిపోయింది. ఆదివారం ఆయన దుకాణానికి వెళ్లగానే భోజనాల బల్ల మీద పేపరు పరిచి, ఆ పెట్టెను బోర్లించాను. భూతద్దం, నల్ల రేకులు, ఫ్యాను, పవర్‌బ్యాంక్, పట్టు అన్నీ ఊడదీసి పక్కన పెట్టాను. రబ్బరు కవరు ఎంత లాగినా రాలేదు, కత్తి మొనతో లేపాల్సి వచ్చింది. అన్నీ తీసేశాక మధ్యలో నా ఆట మిగిలింది. చేతిలోకి తీసుకుంటే అప్పటిలాగే తేలిగ్గా ఉంది. నిజం చెప్పాలంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత చిన్న వస్తువు కోసం నేను ఇంత అలిసిపోయాను అనిపించింది.

ఆయన వచ్చాక ఏం చెప్పాలో మనసులో వరసగా పెట్టుకున్నాను. ముందు ఇబ్బంది ఏమిటో చెప్పాలి, ఎప్పటినుంచో చెప్పాలి, తర్వాత ఏం కావాలో చెప్పాలి. మంచి కస్టమర్లు అలాగే చెబుతారు. ఆదివారాల్లో ఆయన రాత్రి దాకా రాడు, కాబట్టి నాకు తీరిక ఉందనుకున్నాను. కానీ ఆ రోజు మధ్యాహ్నానికే వచ్చేశాడు. చెప్పులు విప్పుతూనే బల్ల మీద పరిచినవన్నీ చూశాడు.

"ఏమైంది? ఖరాబైనయా?"

"ఖరాబు కాలేదండీ. నాకొక కంప్లెయింట్ ఉంది. కూర్చోండి."

కూర్చున్నాడు. చెప్పేశాను. బరువు, చెయ్యి నొప్పి, స్కానర్ దగ్గర నవ్వులు, చైతన్యపురి దాకా బిగించడం, ఖైరతాబాద్ నుంచి విప్పడం. ఆ రైలు సమయం తప్ప నాకు ఇంకేమీ లేదని కూడా చెప్పాను. ఆయన వింటూనే పవర్‌బ్యాంక్ తీగ చుట్టడం మొదలుపెట్టాడు. అది చూసి ఇంకా కోపం వచ్చి, మొదటి రోజు సంగతి కూడా ఎత్తాను.

"అసలు దాన్ని బోడి గేమ్ అన్నది మీరే కదా. పనికిమాలిన దానికి మళ్లీ ఇన్ని అలంకారాలు ఎందుకు?"

"నేనెప్పుడన్న?"

"తెచ్చిన రోజే అన్నారు."

ఆయన గుర్తు తెచ్చుకుని, నిట్టూర్చి, సన్నగా నవ్వాడు.

"బోడి అన్లేనే. బోడగుంది అన్న. మా దిక్కు బోడ అంటె మీద ఏం లేకుంట ఉన్నదని. కవర్ లేదు గివర్ లేదు, చెయ్యి జారితె పల్గుతది గదా అని పరేషానైన. నువ్వేమో గయ్యిమన్నవు."

ఇన్నేళ్ల కాపురం. ఈయన గుట్టను బోడ గుట్ట అంటే, చెట్టును బోడ చెట్టు అంటే వింటూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం నా చెవి కృష్ణా జిల్లాకు వెళ్లిపోయింది. ఆయన తిట్టాడని నేను అలిగితే, నేను అలిగానని ఆయన కవరు తెచ్చాడు. కవరు తెచ్చాడు కదా అని నేను ఊరుకుంటే, నాకు నచ్చిందనుకుని మిగిలినవన్నీ తెచ్చాడు. నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక ఊరుకున్నాను.

"సరేనండీ. అయిపోయిందేదో అయిపోయింది. ఇవన్నీ దుకాణంలో పెట్టేసుకోండి. కొత్తవి లాగే ఉన్నాయి, ఎవరైనా కొంటారు" అన్నాను.

ఆయన ఫ్యాను చేతిలోకి తీసుకుని రెక్కను వేలితో తిప్పాడు.

"ఎవ్వలు కొంటరు? గీ గేమ్ సామాన్‌కు నువ్వొక్కదానివే గిరాకి" అన్నాడు. "ఫోన్ కవర్లు అందరు ఫోన్లనే కొనుక్కుంటున్నరు. ఇది కొత్త లైన్, నడుస్తదనుకున్న. ఒక్కటి గూడ పోలే."

ఫ్యాను బల్ల మీద పెట్టి మళ్లీ చెప్పాడు.

"ఆ బిల్డింగ్ కూలగొడ్తరట. అండ్లున్న దుకాణాల మడిగెలన్ని ఖాళీ చెయ్యమన్నరు. వేరే తాన చూసిన. నాకు చాతనయ్యేటట్టు లేదు. ఇగ దుకాణం తీసేస్తున్న. పొద్దున ఓనర్‌కు గదే చెప్పి ఒచ్చిన."

'మీ ఇబ్బంది నాకర్థమైంది' అన్న మాట అలవాటు కొద్దీ నా నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆఫీసు మాట అయిపోతుందని మింగేశాను. అన్నం పెట్టాను. తిన్నాడు. తిన్నాక బల్ల మీదున్నవన్నీ తనే ఒక్కొక్కటీ పెట్టెలో సర్ది, మూత వేసి, మంచం కిందికి తోశాడు.

దుకాణం ఖాళీ చేయడానికి నెల పట్టింది. మిగిలిన సరుకు అట్టపెట్టెల్లో మా హాల్లోకి వచ్చింది. బాటసింగారంలో పండ్ల మార్కెట్ దగ్గర కొట్టు పెట్టుకున్న తెలిసినాయన, లారీ డ్రైవర్లకు పనికొస్తాయని చార్జర్లు తీసుకెళ్లాడు. కవర్లు ఎవరూ తీసుకోలేదు. అవి పట్టే పాత ఫోన్లు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. ఆ నెలంతా నా ఆట బ్యాగులో దువ్వెన పక్కనే ఉంది. రైల్లో కూర్చోగానే తీసి ఆడుకునేదాన్ని. నేను అడిగింది నాకు దొరికింది. దానికి సంతోషించానని చెబితే అబద్ధం, సంతోషించలేదన్నా అబద్ధమే. ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట దాకా నన్నెవరూ ఏమీ అడగలేదు. అది చాలనుకున్నాను.

తర్వాత మా ఆయనకు అమీర్‌పేటలోనే ఒక పెద్ద ఫోన్ల షోరూమ్‌లో పని దొరికింది. నీలం టీషర్టు వేసుకుని, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న కుర్ర మేనేజర్ చెప్పినట్టు నిలబడాలి. ఇన్నాళ్లూ తన కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చున్న మనిషి. మొదటి రోజు పొద్దున ఆ టీషర్టును ప్యాంటులోకి దోపుకుని, మళ్లీ బయటికి తీసి, మళ్లీ దోపుకున్నాడు. ఎలా ఉందని నన్ను అడగలేదు. ఇద్దరం కలిసి స్టేషన్‌కు నడిచాం.

ప్లాట్‌ఫామ్ మీద నాలో నేను పోట్లాడుకుంటున్నాను. ఈ రోజు ఆయనతో కూర్చుంటే రేపూ కూర్చోవాలి, ఎల్లుండీ కూర్చోవాలి. నా సమయం మొత్తం పోయినట్టే. ఇప్పుడే తేల్చి చెప్పేయాలి, లేడీస్ కోచ్‌లో ఎక్కుతానని. ఆ మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. రైలు వచ్చి తలుపులు తెరుచుకున్నాయి.

"నువ్వు అటు పో" అన్నాడు ఆయనే, లేడీస్ కోచ్ వైపు చూపించి. "నీకు ఆడుకునే టైం గదా. నేను గీడ ఎక్కుత."

అని పక్క కోచ్‌లోకి వెళ్లిపోయాడు. నేను రెండు అడుగులు లేడీస్ కోచ్ వైపు వేశాను. వెనక్కి తిరిగి చూస్తే, జనం మధ్య ఆ నీలం టీషర్టు ఎక్కడ నిలబడాలో తెలియక అటూ ఇటూ జరుగుతోంది. దుకాణం ఉన్నన్నాళ్లూ ఆయన స్కూటరు మీదే తిరిగేవాడు. రైలు అలవాటు లేదు. తలుపులు మూసుకునే చప్పుడు మొదలైంది. నేను ఆయన ఉన్న కోచ్‌లోకి ఎక్కేశాను. అప్పటికే సీట్లన్నీ నిండిపోయాయి.

"ఇటెందుకు ఎక్కినవే? సీటు లేదు గదా" అన్నాడు.

"పర్లేదులెండి."

ఒక చేత్తో కడ్డీ పట్టుకున్నాను. ఆయన నా బ్యాగు వైపు చూశాడు.

"ఆడుకో."

"ఎలా ఆడను? దానికి రెండు చేతులూ కావాలి."

ఆయన నా బ్యాగు తీసి తన భుజానికి తగిలించుకున్నాడు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతిని నా వీపు వెనకగా పోనిచ్చి, నా మోచేతిని గట్టిగా పట్టుకున్నాడు. "పడవు. ఆడు" అన్నాడు. పక్కనున్నవాళ్లు చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. అయినా ఆట తీశాను.

పలకలు పడటం మొదలైంది. విక్టోరియా మెమోరియల్ వచ్చింది, వెళ్లింది. ఆయన ముందెప్పుడూ ఆ ఆట చూడలేదు. దానికి ఏమేం తగిలించాలో చూశాడుగాని, లోపల ఏముందో చూడలేదు. ఇప్పుడు నా భుజం మీదుగా తల వంచి తెర వంకే చూస్తున్నాడు. చైతన్యపురిలో జనం ఎక్కి మమ్మల్ని ఇంకాస్త దగ్గరికి నెట్టారు.

రైలు అక్కడినుంచి కదిలాక, మోచేతి మీద ఆయన పట్టు బిగిసింది. నాకు అప్పుడు తట్టింది. ముందు వచ్చేది దిల్‌సుఖ్‌నగర్. కుడివైపు కిటికీలోంచి డిపో కనిపిస్తుంది, డిపో ఎదురుగా గల్లీ కనిపిస్తుంది. ఆ బిల్డింగ్‌ను అప్పటికే సగం పడగొట్టారు. నేను రోజూ ఆ పక్కనుంచే వెళ్తున్నా ఇంట్లో చెప్పలేదు. రైలు నెమ్మదించింది. అందరూ తలుపుల వైపు తిరిగారు. ఆయన తిరగలేదు. కళ్లార్పకుండా నా చేతిలోని తెరనే చూస్తున్నాడు, పలకలు ఎక్కడ పడుతున్నాయో అదే లోకమన్నట్టు.

"కింద ఖాళీ ఉన్నది, అండ్ల పెట్టు" అన్నాడు.

పెట్టాను. పలకలు సగం దాకా పేరుకుపోయి ఉన్నాయి. ఇప్పుడు ఓడిపోతే తెర నల్లబడుతుంది, ఆయన తలెత్తుతాడు. ఆ ఆటను నేను అలసట తీర్చుకోవడానికి తప్ప ఎప్పుడూ గెలవడానికి ఆడలేదు. ఆ రోజు ఒక్కో పలకనూ చచ్చీచెడీ తిప్పి సర్దుతూ, ఎవరు ఎక్కుతున్నారో ఎవరు దిగుతున్నారో చూడకుండా, తలుపులు మళ్లీ మూసుకుని రైలు మూసారాంబాగ్ చేరేదాకా ఓడిపోకుండా ఆడాను.